జంబియానీ: ఆటుపోట్ల వెంట సాగే సెలవులు

టాంజానియాలో భాగమైన జాంజిబార్‌లో ప్రధాన ద్వీపం పేరు ఊంగుజా. దాని ఆగ్నేయ తీరం వెంట పొడవుగా సాగిన పల్లె జంబియానీ. విమానాశ్రయం పశ్చిమ తీరాన, రాతి భవనాల పాత నగరమైన స్టోన్ టౌన్ దగ్గర ఉంది. అక్కడి నుంచి కారులో గంటకు పైగా ప్రయాణం.

ఈ తీరంలో పెద్ద హోటళ్ల మధ్యమధ్య స్థానికులు నడిపే చిన్న విడుదులు చాలా ఉన్నాయి. పగడపు రాయి గోడలు, మడ చెట్ల వాసాలు, పైన కొబ్బరాకు కప్పు. ఆ కప్పును స్వాహిలీలో మకూతి అంటారు. కోనసీమలో కొబ్బరాకు పాక చూసినవారికి దాని చల్లదనం గురించి వేరే చెప్పనక్కర్లేదు. గదిలో మంచం, దానికి దోమతెర, ఫ్యాను, ముందు చిన్న వసారా. కుళాయి నీరు కొన్నిచోట్ల కాస్త ఉప్పగా ఉంటుంది, తాగడానికి సీసా నీరే వాడాలి. కరెంటు అప్పుడప్పుడు పోతుంది. పిల్లలతో కాలక్షేపానికి వచ్చినవారికి ఇంతకుమించి వసతులు అవసరపడవు.

ఇక్కడ రోజును నడిపేది సముద్రమే. ఒడ్డుకు దూరంగా పగడపు దిబ్బ గోడలా అడ్డు నిలవడంతో పెద్ద కెరటాలు అక్కడే విరిగిపోతాయి. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నీరు లోతు తక్కువ, నేల దాదాపు చదును. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకూ పోటుకూ నీటిమట్టంలో తేడా సుమారు 4 మీటర్లు. విశాఖ తీరంలో ఇందులో సగం కూడా ఉండదు. అందుకే ఆటు వేళ సముద్రం కిలోమీటరుకు పైగా వెనక్కి పోయి, తెల్లటి ఇసుక మేట, నీటి గుంటలు బయటపడతాయి. గుంటల్లో నక్షత్ర చేపలు, పీతలు, చిన్న చేపలు పిల్లలకు దొరికే పాఠశాల. నల్లటి పొడవాటి ముళ్ల జీవులు కూడా అక్కడే ఉంటాయి కాబట్టి పిల్లలకు రబ్బరు చెప్పులు తప్పనిసరి. నీరు తిరిగి ఎక్కడం మొదలైతే ఆగకుండా ఒడ్డుకు రావాలి. పోటు చదునైన నేల మీద చాలా త్వరగా పరుచుకుంటుంది.

ఆ ఇసుక మేట పల్లెవారికి పొలం. 1989 ప్రాంతంలో ఈ తీరాన సముద్రపు నాచు సాగు మొదలైంది. చిన్న కర్రలు పాతి, వాటి మధ్య తాళ్లు లాగి, నాచు ముక్కలు కట్టి పెంచుతారు. రైతుల్లో అత్యధికులు స్త్రీలు. ఎండిన నాచు నుంచి తీసే కారజీనన్ అనే పదార్థాన్ని ఐస్‌క్రీమ్, టూత్‌పేస్ట్ చిక్కబడడానికి వాడతారు. నీరు వేడెక్కుతున్నకొద్దీ మంచి ధర పలికే రకం ఒడ్డు దగ్గర చచ్చిపోతోంది, మిగిలిన రకానికి ధర తక్కువ. ఈ తాళ్లను తొక్కకుండా పక్కనుంచి నడవడం, అడగకుండా ఫొటోలు తీయకపోవడం అతిథుల కనీస ధర్మం.

పోటు వచ్చాక ఈత కొట్టవచ్చు, లేదా ఙలావాలో దిబ్బ దాకా వెళ్లవచ్చు. ఙలావా అంటే రెండు పక్కలా తేలుడు కర్రలు కట్టి, మూడుమూలల తెరచాప ఎత్తిన దోనె. పడవవాడితో వేళ మాట్లాడుకునేటప్పుడు జాగ్రత్త అవసరం. స్వాహిలీ గంటలు ఉదయం 6 నుంచి లెక్క, అక్కడి మూడు గంటలంటే మన తొమ్మిది. సూర్యోదయం నుంచి గడియలు లెక్కించే పంచాంగం తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

భోజనం కొబ్బరి పాలతో వండిన అన్నం, చేపల కూర, ఆక్టోపస్ పులుసు. చపాతి, పిలావు, బిర్యానీ, సంబూసా, అచారి అన్న మాటలు హిందూ మహాసముద్ర వర్తకంతో వచ్చి స్వాహిలీలో స్థిరపడ్డాయి. శాకాహారులు కొబ్బరిలో ఉడికిన చిక్కుడు గింజలు, ఆకుకూరలు అడిగితే వండి పెడతారు. పల్లెలో దాదాపు అందరూ ముస్లింలు. ఒడ్డు దాటి వీధిలోకి వెళ్లేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పుకోవడం మర్యాద.

జూన్ నుంచి అక్టోబరు దాకా వాతావరణం పొడిగా, కాస్త చల్లగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ ఎక్కువ. అప్పుడు వీచే కస్కాజీ గాలి మన ఈశాన్య రుతుపవనమే. మార్చి మధ్య నుంచి మే దాకా భారీ వానలు, ఆ నెలలు మానుకోవడం మంచిది.

తేదీలు ఖాయం చేసేముందు గోడమీది తెలుగు క్యాలెండర్ ఒకసారి చూడండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో ఉదయం పది ప్రాంతంలో నీరు బాగా వెనక్కి పోయి ఉంటుంది, సాయంత్రం నాలుగుకు నిండుతుంది. అష్టమి దగ్గర్లో ఉదయం పదికే పోటు. పిల్లలకు గుంటలు చూపించాలంటే మొదటివి, పొద్దున్నే ఈత కావాలంటే రెండోవి ఎంచుకోండి.