న్యూయార్కులో చలికాలం

న్యూయార్కు అమెరికాలో అన్నిటికన్నా పెద్ద నగరం. చలికాలంలో మూడు రోజుల కోసం అక్కడికి వెళ్లేవాళ్లు ముందుగా పొద్దు సంగతి చూసుకోవాలి. డిసెంబరు చివర్లో అక్కడ ఉదయం 7 దాటాక గానీ పొద్దు పొడవదు. సాయంత్రం 4.30కే గుంకుతుంది. పగలు తొమ్మిది గంటలే!

ఇంకో తిప్పలు కూడా ఉంది. అక్కడ మధ్యాహ్నం 12 అయితే మన దేశంలో రాత్రి 10.30. మన దేశం నుంచి వెళ్లినవాళ్లకు పట్టపగలే నిద్ర ముంచుకొస్తుంది. అందుకని మొదటి రోజు దూరం పోకూడదు.

బయట చూసేవి ఎండ ఉండగానే చూడాలి. స్వేచ్ఛాదేవి విగ్రహం రేవులో చిన్న దీవి మీద ఉంది. 1886లో నిలబెట్టారు. ఆ దీవికి పోయే పడవకు టిక్కెట్టు కొనాలి. స్టాటెన్ ఐలండుకు పోయే పెద్ద పడవకు పైసా అక్కర్లేదు. అందులోంచి కూడా విగ్రహం బాగా కనిపిస్తుంది. నీళ్ల మీద గాలి కోసేస్తుంది. లోపల కూర్చుని అద్దాల్లోంచి చూడొచ్చు.

ఒక్క మందపాటి కోటు కంటే ఒకదాని మీద ఒకటి మూడు బట్టలు మేలు. మధ్యలో నిలిచిన గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. చీర కట్టేవాళ్లు లోపల ఉన్ని లాగు వేసుకోవచ్చు. ఎవరు చూడొచ్చారు? చెప్పులు మాత్రం పనికిరావు. మేజోళ్లు, జారని బూట్లు కావాలి.

ఊళ్లో తిరగడానికి భూమి కింద రైళ్లున్నాయి. రాత్రంతా నడుస్తాయి. ఒక్కో రైలుకు ఒక అంకో, ఇంగ్లీషు అక్షరమో ఉంటుంది. అంకెలు వస్తే సగం భయం పోతుంది. ఊదారంగు గుర్తులో 7 అని ఉన్న రైలు ఫ్లషింగ్ దాకా పోతుంది. అదే చివరి స్టేషను. అక్కడి నుంచి బస్సులో వినాయకుడి గుడికి పోవచ్చు. ఆ గుడిలో 1977లో ప్రతిష్ఠ జరిగింది. గుడి క్యాంటీనులో వేడివేడి దోసెలు దొరుకుతాయి.