ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టగలడా?

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. పాపం, వారి కాలానికి కంప్యూటరు లేదు. వుండివుంటే ఆ సామెతను కాస్త సవరించేవారేమో!

2023 మార్చిలో హైదరాబాదులో బయటపడ్డ వ్యవహారం పాఠకులకు గుర్తుండే వుంటుంది. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషను కంప్యూటర్లలోకి బయటివారెవరో చొరబడ్డారని మొదట అనుమానపడ్డారు. తీరా పోలీసులు అరెస్టు చేసినవారిలో కమిషను ఉద్యోగే వున్నాడు! రహస్య విభాగపు కంప్యూటరునుంచి ప్రశ్నపత్రాలను పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొన్నారని అభియోగం. 2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్ష రద్దయింది. వేలెడంత వస్తువు లక్షలమంది చదువును బూడిదలో పోసింది.

అది పెద్ద నేరం. మన ఇళ్ళలో తలెత్తే సంగతి అంతకన్న చిన్నది. మా తిరుపతి, చిత్తూరు పిల్లలెందరో బెంగుళూరులోనూ, చెన్నైలోనూ కొలువులు చేస్తున్నారు. ఉద్యోగం మారబోతూ, "నేను చేసిన పనే కదా సార్! ఒక నకలు తెచ్చుకొంటే వాళ్ళకెట్లా తెలుస్తుంది?" అని నన్నడిగేవారున్నారు.

తెలుస్తుంది నాయనా, అయితే అన్నిచోట్లా ఒకే మోతాదులో కాదు. విండోస్ కంప్యూటరుకు పెన్‌డ్రైవు తగిలించగానే, దాని తయారీదారు పేరు, వరుస నంబరు, తగిలించిన వేళ తన చిట్టాలో రాసుకొంటుంది. పెన్‌డ్రైవు తీసేసినా ఆ రాత చెరగదు. కాని యేయే ఫైళ్ళు నకలయ్యాయో మామూలుగా రాసుకోదు. ఆ లెక్క కావాలంటే యజమాని ముందుగానే యేర్పాటు చేసివుండాలి. పెద్ద కంపెనీలు అందుకోసమే నిఘా సాఫ్టువేరు పెడతాయి. అది ఫైలు పేరుతో సహా అప్పగిస్తుంది. కొన్నిచోట్ల పెన్‌డ్రైవును అసలు పనిచేయనివ్వరు.

ఆ పెన్‌డ్రైవే దొరికిందా, మరో సాక్ష్యం వుంది. నకలైన ఫైలుకు సవరించిన తేదీ పాతదే వుంటుంది. పుట్టిన తేదీ మాత్రం నకలు చేసిన నాటిది పడుతుంది. పుట్టకముందే అక్షరాభ్యాసం జరిగినట్లన్నమాట!

యజమానులకూ ఒక మాట. తగిలించినవాడల్లా దొంగ కాడు. చెల్లెలి పెళ్ళి ఫోటోలు చూసుకొందామని తగిలించినా చిట్టాలో అదే గుర్తు పడుతుంది. అంతమాత్రానికే ఒక పిల్లవాడి జీవితంమీద మచ్చ వేయడం అన్యాయం.

చట్టం సంగతి స్పష్టమే. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా నకలు తీయడం తప్పు. నష్టపరిహారం కట్టవలసి వస్తుంది. దురుద్దేశం వుంటే 66వ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

కనుక తల్లిదండ్రులు పిల్లలకు చెప్పవలసింది ఇంతే. సొంత ఫోటోలు, సర్టిఫికెట్లు ఆఫీసు కంప్యూటరులో పెట్టవద్దు. చేసిన పని నకలు కావాలంటే పై అధికారిని రాతపూర్వకంగా అడగాలి. కాదంటే వదిలి రావాలి. అక్కడ నేర్చుకొన్న విద్య ఎలాగూ వెంటే వస్తుంది. దానికి పెన్‌డ్రైవు అక్కరలేదు.