మిరపలో నల్ల తామర పురుగు: కీటక శాస్త్ర విభాగంలో గుర్తింపు, అధ్యయన పద్ధతులు

2021 నవంబరు, డిసెంబరు నెలల్లో గుంటూరు, ప్రకాశం, కృష్ణా, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల మిరప తోటల్లో పూత విపరీతంగా ఎండి రాలిపోయింది. మందు మార్చి మందు కొట్టినా ఫలితం లేక కొందరు రైతులు పైరునే పీకివేశారు. అంతవరకు మిరపలో తామర పురుగు అనగానే సిర్టోథ్రిప్స్ డోర్సాలిస్ అనే జాతినే భావించేవారు. ఇది ప్రధానంగా లేత ఆకులను ఆశించి పై ముడతను కలిగిస్తుంది. ఆ సంవత్సరం పూలలో గుంపులుగా కనిపించినది వేరొక జాతి, థ్రిప్స్ పార్విస్పినస్. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగును మన దేశంలో తొలిసారిగా 2015లో బెంగళూరు ప్రాంతపు బొప్పాయిపై నమోదు చేశారు. అంటే మిరపలో ఉధృతి కనిపించడానికి ఆరేళ్ల ముందే దాని ఉనికి శాస్త్ర గ్రంథస్థమై ఉంది. ఒక విశ్వవిద్యాలయ విభాగంలో కీటక వర్గీకరణకు ఎందుకు చోటుండాలో వివరించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అవసరం లేదు.

తామర పురుగు సుమారు ఒక మిల్లీమీటరు పొడవు మాత్రమే ఉంటుంది. బొద్దింకకు, పెంకు పురుగుకు గుచ్చినట్లు దీనికి సూది గుచ్చి పెట్టెలో భద్రపరచడం సాధ్యం కాదు. పూలను తెల్ల కాగితంపై తట్టి, రాలిన పురుగులను తడిపిన సన్నని కుంచెతో 60–70 శాతం ఆల్కహాలులోకి తీసుకుంటారు. ప్రయోగశాలలో వాటిని పలుచని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచితే లోపలి కణజాలం కరిగి దేహం పారదర్శకమవుతుంది. పిదప క్రమంగా గాఢత పెంచిన ఆల్కహాలులో నీటిని తొలగించి, లవంగ నూనెలో ఉంచి, కెనడా బాల్సంలో శాశ్వత స్లైడుగా అమరుస్తారు. రెక్కలు విప్పారి, స్పర్శశృంగాలు చాచి ఉండేలా అమర్చడంలోనే నైపుణ్యమంతా ఉంది. కొత్త విద్యార్థి చేసే మొదటి స్లైడ్లలో చాలావరకు పనికిరావు, అది సహజమే.

రంగు మొదటి సూచన మాత్రమే. డోర్సాలిస్ లేత పసుపు రంగులో ఉంటుంది. పార్విస్పినస్ ఆడ పురుగు ముదురు గోధుమ రంగులో ఉండి, తల, ఉరోభాగం ఉదరం కంటే కొంత లేతగా కనిపిస్తాయి. అయితే దీని మగ పురుగు చిన్నదిగా, పసుపు రంగులో ఉంటుంది! కేవలం రంగు చూసి లెక్కించేవారు దీనిని పాత జాతిగా పొరబడే ప్రమాదముంది. సూక్ష్మదర్శిని కింద చూస్తే సందేహం తీరుతుంది: డోర్సాలిస్ స్పర్శశృంగంలో ఎనిమిది ఖండితాలు, పార్విస్పినస్‌లో ఏడు ఉంటాయి. పార్విస్పినస్ ముందు రెక్క మొదటి ఈనెపై వెంట్రుకలు ఎడం లేకుండా వరుసగా ఉంటాయి.

జాతి పేరు తెలిస్తే యాజమాన్యం ఎలా మారుతుంది? ఆకును ఆశించే పురుగుకు రూపొందించిన పరిశీలన పద్ధతి పూలలో దాగిన పురుగును పట్టుకోలేదు. పూరేకుల మధ్య ఉన్న పురుగుకు మందు కూడా సరిగా తగలదు. గుడ్లు మొక్క కణజాలంలోపల ఉంటాయి. కోశస్థ దశ అధికంగా నేలలో, రాలిన ఆకుల కింద గడుస్తుంది. అందువల్ల ఒక్క పిచికారీ అన్ని దశలనూ చేరదు. ఫలదీకరణ చెందని గుడ్ల నుండి కూడా మగ పురుగులు పుడతాయి కనుక కొద్ది పురుగులు మిగిలినా సంతతి తిరిగి పుంజుకుంటుంది. అధిక పరిధి మందులను పదేపదే వాడితే ఓరియస్ వంటి మిత్ర పురుగులు నశించడం మరో నష్టం.

మందుల సామర్థ్యాన్ని ప్రయోగశాలలో పరీక్షించేటప్పుడు మందు వాడని పాత్రల్లోనూ కొన్ని పురుగులు చనిపోతాయి. 1925 నాటి అబాట్ సూత్రం దీనిని సవరిస్తుంది. ఉదాహరణకు మందు వాడిన పాత్రల్లో 64 శాతం, వాడని పాత్రల్లో 10 శాతం మరణాలుంటే సవరించిన మరణాల శాతం 54ను 90తో భాగించి నూరుతో గుణించగా వచ్చే 60. వాడని పాత్రల్లోనే మరణాలు 20 శాతం దాటితే ఆ పరీక్షను తిరిగి చేయడమే మేలు.

క్షేత్ర ప్రయోగాల విషయంలో సస్య శాస్త్రవేత్తగా ఒక మాట. ఎరువుల ప్రయోగానికి సరిపోయే చిన్న మడి, ఎగిరే పురుగుల ప్రయోగానికి సరిపోదు. పక్క మడి నుండి గాలికి కొట్టుకువచ్చే పురుగులు చికిత్సల మధ్య తేడాను చెరిపివేస్తాయి. మడులు పెద్దవిగా ఉండాలి, అంచు వరుసలను లెక్కింపు నుండి మినహాయించాలి. తామర పురుగులు పైరంతా సమంగా పరచుకోక గుంపులుగా ఉంటాయి కాబట్టి లెక్కలను వర్గమూల పరివర్తన చేశాకే విశ్లేషించడం పరిపాటి. నీలం రంగు జిగురు అట్టలు ఉనికిని ముందుగా తెలుపుతాయి గాని, అట్టపై సంఖ్యను మొక్కపై సంఖ్యగా రాయకూడదు. అనేక సిద్ధాంత గ్రంథాల్లో జాతి పేరు నిర్ధారించకుండానే పదుల పట్టికలు కనిపిస్తాయి. నమూనా ఎక్కడా భద్రపరచకపోతే వాటిని తరువాత సరిచూసే మార్గమే లేదు.

విస్తరణ శాస్త్రవేత్తలు విభాగానికి నమూనాలు పంపేటప్పుడు పూల నుండి, ఆకుల నుండి సేకరించిన పురుగులను వేర్వేరు సీసాల్లో ఉంచాలి. ప్రతి సీసాలో గ్రామం, మండలం, తేదీ, పైరు, రకం, మొక్క భాగం, సేకరించినవారి పేరు పెన్సిలుతో రాసిన చీటీని వేయాలి. పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది.