గిజిగాడి సగం గూడు

తుమ్మచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లలో కొన్నింటికి కింద గొట్టం ఉండదు. తలకిందులైన టోపీలా సగంలోనే ఆగిపోయి ఉంటాయి. గాలికి చెడిపోయాయనో, పక్షి బద్ధకించిందనో అనుకుంటాం. నిజానికి అవి ఆడపక్షి కాదన్న గూళ్లు.

మామూలు రోజుల్లో గిజిగాణ్ణి పిచ్చుకల్లోంచి వేరుచేయడం కష్టం. అదే సైజు, అదే మట్టిరంగు చారలు, అదే మందపాటి ముక్కు. వానలు పడి గడ్డి ఏపుగా లేచాక మగపక్షి నెత్తి, రొమ్ము పసుపు తిరుగుతాయి, మొహానికి ముదురు గోధుమరంగు ముసుగు వస్తుంది. ఆడపక్షి రంగు మారదు. పొలాల దగ్గర ఈత, తాటి మట్టల చివర, ముళ్లచెట్ల మీద, బావుల్లోకి వంగిన కొమ్మలకు గుంపుగా గూళ్లు కడతాయి.

నేత మగదాని పనే. వరి ఆకు అంచును ముక్కుతో కొరికి, ఆ గాటును పట్టుకుని ఎగురుతుంది. ఆకు పొడవునా సన్నటి పీచు చీలి వస్తుంది. పచ్చి ఆరకముందే దాన్ని కొమ్మకు ముడివేసి, కిందికి వలయం అల్లి, పైకప్పు పోస్తుంది. లోపలి గోడకు తడిమట్టి ముద్దలు కూడా అంటిస్తుంది. ఆ మట్టిలో మిణుగురులను గుచ్చి దీపం పెట్టుకుంటుందని పెద్దలు చెప్పే కథ ఎంత ముచ్చటైనదైనా, దానికి ఆధారం లేదు. తేలికపాటి గూడు గాలికి మరీ ఊగకుండా ఆ బరువు ఆపుతుందన్నది నమ్మదగిన వివరణ.

టోపీ దాకా వచ్చాక పని ఆపి, గూటికి వేలాడుతూ రెక్కలు కొట్టి కిచకిచలాడుతుంది. ఆడపక్షి వచ్చి లోపలికి దూరి పరీక్షిస్తుంది. అల్లిక పనితనం కంటే గూడు ఎక్కడుందన్నదే దానికి ముఖ్యమని పరిశోధనలో తేలింది. ఎంత గొప్ప నేతగాడైనా తప్పుచోట కడితే శ్రమ వృథాయే! నచ్చితే మగది గుడ్ల గది, పొడవాటి గొట్టం పూర్తిచేస్తుంది. ఆడది గుడ్లు పెట్టగానే పక్కనే మరో గూడు మొదలుపెట్టి ఇంకో జత కోసం పిలుస్తుంది. 1930 ప్రాంతంలో మహారాష్ట్ర తీరాన కిహిం గ్రామంలో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ ఈ తంతును ఓపిగ్గా గమనించి లోకానికి చెప్పారు.

రెండు నుంచి నాలుగు తెల్లటి గుడ్లు. పొదగడానికి రెండు వారాలు పైచిలుకు. పొదగడం ఆడదాని వంతు, పిల్లల పోషణ కూడా దాదాపు దానిదే. గింజలు తిని బతికే ఈ పక్షి పిల్లలకు మాత్రం పురుగులు ఏరి తెస్తుంది. కంకి పాలుపోసుకునే వేళ గిజిగాళ్లను అదిలించే రైతుకు, అదే పొలంలో అవి ఏరుకెళ్లిన పురుగుల లెక్క కూడా తెలియాలి.