పలాస నుంచి బోర్నియో దాకా: చెట్ల లోకంలో రికార్డులు, వింతలు

పలాస జీడిపప్పు తెలియని తెలుగువాళ్లుండరు. ఆ చెట్టు పుట్టిల్లు మాత్రం బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తెచ్చి మన తీరాన నాటారు. పనస పడమటి కనుమల వానఅడవుల్లోంచి దిగివచ్చింది. కొబ్బరి సముద్రం మీద తేలుతూ తీరాలు పట్టింది. వజ్రపుకొత్తూరు నుంచి మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వరకు ఉద్దానానికి అన్నం పెడుతున్నవి ముఖ్యంగా ఈ మూడే. ప్రపంచంలో వీటి చుట్టాలు పట్టేసిన రికార్డులు కొన్ని ఉన్నాయి. అందులో కొన్ని గర్వపడే రికార్డులు కావు.

రెండెకరాల చెట్టు

బ్రెజిల్‌లో నటాల్ నగరం దగ్గర పిరాంగిలో ఒకే ఒక్క జీడిచెట్టు సుమారు 8,500 చదరపు మీటర్లు ఆక్రమించింది. అంటే రెండెకరాల పైమాటే. 1994లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. కొమ్మలు బరువుకు నేలకు వాలి, తాకిన చోటల్లా వేళ్లు దింపి, మళ్లీ లేచి పాకుతూ పోయాయి. అదే మన దగ్గరైతే, పిక్కలు ఏరుకోవడానికి దారి లేదని రైతు ఎప్పుడో కొమ్మలు నరికేసి ఉండేవాడు!

పలాస ఫ్యాక్టరీల్లో గ్రేడు లెక్క కూడా ఒక వింతే. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది. 180 రకమంటే పౌను బరువుకు సుమారు 180 పప్పులు, 320 అంటే 320. పెళ్లి భోజనానికి కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

పెరట్లో మాత్రమే మిగిలిన మామిడి

జీడి, మామిడి ఒకే కుటుంబం. ఆ కుటుంబంలోనిదే బోర్నియో దీవి దక్షిణాన ఉండే కస్తూరి మామిడి. కాయ చిన్నది, పండితే ఊదారంగు. అడవిలో ఇప్పుడు ఒక్క చెట్టూ లేదు. ‘అడవిలో అంతరించినది’ అని ఐయూసీఎన్ ఎర్ర జాబితా తేల్చేసింది. అయినా జాతి బతికే ఉంది. కారణం అక్కడి ఊళ్లవాళ్లు దాన్ని ఇళ్ల పెరళ్లలో, తోటల్లో పెంచుకోవడమే.

గుగ్గిలం వారి పొడుగు చుట్టం

ఉత్తరాంధ్ర కొండల్లో కనిపించే గుగ్గిలం చెట్టుకు అదే బోర్నియోలో ఒక చుట్టముంది. మలేసియాలోని సబా రాష్ట్రం, డానుమ్ లోయలో ఉంది. పేరు మెనారా. ఎత్తు 100.8 మీటర్లు. ఉష్ణమండలంలో ఇప్పటిదాకా కొలిచిన చెట్లలో ఇదే ఎత్తయినది. కుతుబ్ మినార్ కన్నా పాతిక మీటర్లకు పైగా ఎక్కువ! విమానం నుంచి లేజర్‌తో అంచనా కట్టినా నమ్మకం చాలక, 2019లో స్థానికుడొకరు కొసదాకా ఎక్కి టేపు కిందికి వదిలి కొలిచారు. ఆ చెట్టు జాతి కూడా అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనే ఉంది.

ఒంటరి చెట్టు

మన తెలుగువాళ్లు కూలీలుగా వెళ్లి స్థిరపడిన మారిషస్‌లో, క్యూర్‌పైప్ ఉద్యానవనంలో, కొబ్బరి కుటుంబానికి చెందిన ఒక చెట్టుంది. ఆ జాతిలో మిగిలింది అదొక్కటే. మగపూలు, ఆడపూలు రెండూ అదే చెట్టుకు పూస్తాయి. కాకపోతే ఒకే వేళకు పూయవు. అందుకే దానంతటది సంతానం కనడం కష్టం. మన పొడుగు రకం కొబ్బరి గెలను దగ్గరగా చూసినా ఇదే వరస: పైన చిన్న చిన్న మగపూలు రాలిపోయాక గాని కింద గుండీల్లాంటి ఆడపూలు పుప్పొడికి సిద్ధం కావు. ఉద్దానంలో పక్కన మరో వంద చెట్లుంటాయి కాబట్టి ఏ చిక్కూ లేదు.

ప్రపంచంలో అతి పెద్ద గింజ కూడా ఈ కుటుంబానిదే. సీషెల్స్ దీవుల జంట కొబ్బరి గింజ 15 కిలోలు దాటి తూగుతుంది. దాన్ని 1894లో హౌరా బొటానికల్ గార్డెన్‌లో నాటితే, పూత పూసి ఆడచెట్టని తేలేసరికి దాదాపు నూరేళ్లు పట్టింది!

చెట్టుకు కాసే పండ్లలో అతి పెద్దది మాత్రం పనసే. 2016లో పుణెలో తూచిన కాయ 42.72 కిలోలు.

బ్యాంకులో దాచలేని గింజ

అసలు విశేషం ఇక్కడుంది. నార్వేలోని స్వాల్‌బార్డ్‌లో మంచుకొండ లోపల, మైనస్ 18 డిగ్రీల దగ్గర 2008 నుంచి ప్రపంచ పంటల విత్తనాలను దాస్తున్నారు. వరి, జొన్న అక్కడ భద్రం. పనస గింజకు, కొబ్బరికాయకు, గుగ్గిలానికి అక్కడ చోటు లేదు. వానఅడవి చెట్ల గింజల్లో చాలావాటికి తడి ఆరితే ప్రాణం పోతుంది. గుగ్గిలం గింజ బతికేది వారం పది రోజులే. కాబట్టి ఈ జాతులను దాచుకోవడమంటే చెట్టుగా నిలబెట్టుకోవడమే. కొబ్బరి రకాలను కర్ణాటకలోని కిడులో తోటగానే పెంచుతున్నారు.

అయితే నిలబెట్టుకున్న చెట్టుకూ గాలివాన ముప్పు ఉండనే ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 150 కిలోమీటర్ల గాలితో పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లు లక్షల్లో కూలాయి. పోయినవాటిలో గింజ నుంచి మొలిచిన పాత జీడిచెట్లున్నాయి. అలాంటి చెట్లలో ఏ రెండింటి గుణమూ ఒకటి కాదు. బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన బీపీపీ-8 లాంటి అంట్లు దిగుబడికి మేలే, కాదనను. కానీ ఒకే అంటు నాటిన తోటలో వంద చెట్లున్నా గుణానికి అవి ఒక్క చెట్టే.

తుమకూరు జిల్లాలో ఒక రైతు ఇంట రాగిరంగు తొనల పనసచెట్టు ఉండేది. గింజ నాటితే అదే గుణం వస్తుందన్న నమ్మకం లేదు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ దానికి అంటు కట్టి ‘సిద్దు’ పేరుతో మొక్కలు చేసింది. ఉద్దానంలో మీ పెరట్లో తొన తియ్యగా ఉండే ముసలి పనస ఏదైనా ఉంటే, వచ్చే అక్టోబరు గాలివానలోపు దానికి రెండు అంట్లు కట్టించండి. ఒకటి మీరుంచుకుని, రెండోది వేరే ఊళ్లో చుట్టాలకివ్వండి.