మట్టిబొమ్మలో వెదురుపుల్ల

తెనాలి ప్రాంతమున నేను బడిపిల్లలచే మట్టిమనిషిని చేయించుచుండగా, ఊరి పెద్ద యొకరు "మట్టి పిసుకుటకా వీరిని బడికి పంపినది?" అని యడిగిరి. నేను బదులు చెప్పక, ఆయనను తరగతికి రమ్మంటిని.

అంతకుముందు ఒక బాలుడు చేసిన రైతుబొమ్మ సాయంకాలమునకే చీలమండలు క్రుంగి కూలినది. తడిమట్టి తన బరువును తానే మోయజాలదు. అందుచేతనే తెనాలి శిల్పులు పెద్ద విగ్రహమునకు ముందుగా ఇనుపకమ్ముల చట్రము నిలిపి, దానిపై బంకమట్టి మెత్తుదురు. ఆ రూపమునుండి అచ్చు తీసి కంచు పోయుదురు. లేదా ఫైబరుతో చేయుదురు. కూడలిలో మనము మ్రొక్కు విగ్రహమున ఆ మట్టి రవ్వంతయు నుండదు! మా బాలునికి కాళ్ళలో రెండు వెదురుపుల్లలే చాలినవి. మట్టి గట్టిపడగానే వానిని లాగివేయవలెను. లేనిచో మట్టి ముడుచుకొని వానిచుట్టు పగులును.

రేపల్లె వైపు నల్లమట్టి తడిసిన ఉబ్బును, ఎండిన బీటలువారును. ఇది మీ రెరుగనిది కాదు. దానిలో బాపట్ల వైపు సన్నయిసుక కొంత కలిపి, బొమ్మను నీడన ఆరబెట్టితిమి.

ఇక కొలత. పెద్దవాని నిలువు తలపొడవునకు ఇంచుమించు 7, 8 రెట్లు. పసిబిడ్డకు 4 రెట్లే.

పెద్దాయన వచ్చి, బాలుడు తిరిగి చేసిన రైతును చాలసేపు చూచిరి. "అరక పట్టినవాని నడుము ఇట్లు నిటారుగా నుండునా?" అనుచు, ఉత్తరీయము ప్రక్కనబెట్టి, తామే దానిని మెల్లగా వంచిరి.