స్కానింగ్‌లో రాయి లేదంటే లేనట్టేనా?

పిత్తాశయంలో రాళ్లను పట్టడానికి అల్ట్రాసౌండ్‌ను మించిన తొలి పరీక్ష లేదు. నెల్లూరు తీరంలో కుడి డొక్క కింద నొప్పితో వచ్చినవారికి డాక్టరు ముందుగా రాసేది ఈ స్కానింగే. రేడియేషన్ ఉండదు, ఖర్చూ తక్కువే.

ప్రోబ్ నుంచి వెళ్లిన ధ్వని తరంగాలు రాయికి తగిలి వెనక్కి వస్తాయి. తెరమీద నల్లటి పైత్యరసంలో రాయి తెల్లగా మెరుస్తుంది, దాని వెనక నీడ పడుతుంది. రోగి పక్కకు తిరిగితే రాయీ దొర్లుతుంది. గోడకు అంటిన పాలిప్ (చిన్న కండ) కదలదు. మెరుపు, నీడ, కదలిక మూడూ ఉంటే పొరపాటుకు దాదాపు తావుండదు.

రాయి దేనితో తయారైనా ఈ పరీక్షకు ఒకటే. దక్షిణాదిలో పిగ్మెంట్ రాళ్లు ఎక్కువ, ఉత్తరాదిలో కొలెస్టరాల్ రాళ్లు. అదే ఎక్స్‌రేకైతే నూటికి పది పదిహేను రాళ్లే చిక్కుతాయి. కొన్ని కొలెస్టరాల్ రాళ్లు సీటీకి కూడా అందవు.

రాళ్లున్న నూరుమందిలో 97 మందిని అల్ట్రాసౌండ్ పట్టేస్తుందని పాత అధ్యయనాల లెక్క. ఆ లెక్కలో ఒక లొసుగుంది. ఆపరేషన్ చేసి నిజం తేల్చుకున్నది ఎక్కువగా రాళ్లు కనబడినవారిలోనే. కనబడనివారికి కోత పడదు గనుక, అక్కడ తప్పిపోయిన రాళ్లు ఎవరి ఖాతాలోకీ రాలేదు. 1994లో వెలువడిన ఒక సమీక్ష దీన్ని సరిచేసి చూస్తే 97 కాస్తా 84కు దిగింది. రాళ్లు లేనివారిని లేవని తేల్చడంలో మాత్రం 99 శాతం వచ్చింది. కాబట్టి రాళ్లున్నాయన్న రిపోర్టును నిశ్చింతగా నమ్మొచ్చు. లేవన్న రిపోర్టుకు అంత బలం లేదు.

రాళ్లు తప్పిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి: పేగుల్లో గ్యాస్, లావుపాటి పొట్ట, మూడు మిల్లీమీటర్లలోపు రాళ్లు, ప్రోబ్ పట్టినవారి అనుభవం. రోగి చేతిలో ఉన్నది పరగడుపు. కనీసం ఆరు గంటలు ఏమీ తినకూడదు. మైపాడు వైపు నుంచి తొలి బస్సుకు వచ్చి నెల్లూరులో పాలటీ తాగితే, అందులోని కొవ్వుకు పిత్తాశయం ముడుచుకుంటుంది. ముడుచుకున్న సంచిలో చిన్న రాయిని వెతకడం కష్టం.

రాయి పైత్యనాళంలోకి జారితే అల్ట్రాసౌండ్ బాగా తడబడుతుంది. వైద్య అధ్యయనాలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2015 నాటి సమీక్షల్లో నాళంలోని రాళ్లను అది పట్టింది 73 శాతమే. ఎమ్మార్సీపీ (పైత్యనాళాలను చూసే ఎమ్మారై స్కాన్) 93, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (గొంతులోంచి గొట్టం దింపి చేసేది) 95 శాతం పట్టాయి.

రాళ్లు కనబడినా ఏ బాధా లేనివారిలో ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. కామెర్లు, చలిజ్వరం, విడవని నొప్పి ఉన్నవారు మాత్రం నార్మల్ అన్న రిపోర్టు పట్టుకుని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే డాక్టరును మళ్లీ కలిసి, తర్వాతి పరీక్ష గురించి అడగండి.